పందొమ్మిది పొలుసులు, ఒక చీటీ

ప్రయోగశాలల్లో కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. ముప్పై మూడేళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్లలో ఇదిగో ఇది సాధించాను అని నలుగురికీ చెప్పుకున్న పని ఒక్కటే. అది తప్పని పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు తెలిసింది. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు. తేరుకున్నాక రాస్తే నన్ను నేనే వెనకేసుకొస్తానేమోనని భయం. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మా నాన్న ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడు. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఎమ్మెస్సీ సీటు వచ్చి కోస్తాకు వెళ్లినప్పుడు. అక్కడ మా ప్రొఫెసరుగారు పొలుసు పురుగుల మీద పనిచేసేవారు. ఆటుకు నీళ్లు వెనక్కి పోయినప్పుడు రాళ్లు తిప్పితే, గుల్లల సందుల్లో, చిటికెన వేలంత పురుగులు కనిపిస్తాయి. వాటి వీపు మీద రెండు వరుసల్లో గుండ్రటి పొలుసులు, ఇంటి మీద పెంకులు పరిచినట్టు ఉంటాయి. వాటిలో లెపిడోనోటస్ అనే ప్రజాతి నాకు అప్పగించారు. పన్నెండు జతల పొలుసులు దాని గుర్తు. ఆ ప్రజాతిలో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా చెప్పాలంటే పొలుసుల మీది బొడిపెలు చూడాలి, పక్కల ఉండే వెంట్రుకల్లాంటి ముళ్లు చూడాలి. ఇంత చిన్న విషయానికి జీవితం ఇచ్చేవాళ్లు ఉంటారా అని అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నేనే ఇచ్చాను.

భద్రాచలంలో డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు స్పిరిట్‌లో పురుగులు వేసిన ముప్పై ఆరు సీసాలు గడ్డిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. సముద్రం ఎక్కడో రెండు జిల్లాల అవతల. నా సీసాలేమో గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట. స్టాఫ్ రూములో నా పేరు ఎవరికీ అవసరం లేకుండా పోయింది, అందరికీ నేను పురుగుల సారునే. ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన రోజూ పలకరించేవాడు.

"ఏంది సారూ, పురుగులు మంచిగున్నయా? ఉప్పు తక్కువైతే చెప్పుండ్రి, ఇంటినుంచి తెస్త."

నా సీసాలను నవ్వకుండా చూసింది ఒక్క మా ల్యాబ్ అటెండరే. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే వాళ్ల గూడెం. ఇంట్లో కోయ మాట్లాడేవాడు, మాతో తెలుగు. పదో తరగతి వరకు చదివాడు. నాకంటే రెండేళ్లు చిన్న. చేతులు మాత్రం నాకంటే పదిరెట్లు నెమ్మదైనవి. మూడు నెలలకోసారి సీసాల్లో స్పిరిట్ ఆవిరై తగ్గిపోతే నింపాలి. ఆ పని ఆయనకే అప్పగించాను. అప్పగించేటప్పుడు ఒక నియమం పెట్టాను. సీసా బయట అంటించిన కాగితాన్ని నమ్మొద్దు, స్పిరిట్ తగిలితే ఊడిపోతుంది. ఏ సీసాను ముట్టుకున్నా, ఏం చేశావో పెన్సిల్‌తో చిన్న చీటీ మీద రాసి సీసా లోపలే వెయ్యాలి. పెన్సిల్ రాత స్పిరిట్‌లో ఎన్నేళ్లయినా చెరగదు.

"రాయకపోతే ఏమైతది సారూ?" అని అడిగాడు.

"రాయకపోతే రేపు నువ్వుండవు, నేనుండను. ఆ పురుగుకు నోరు లేదు. చీటీయే దాని నోరు" అన్నాను. ఇలాంటి మాటలు చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు.

తర్వాత కొన్నేళ్లకు ఆ వానాకాలం వచ్చింది. నేను సప్లిమెంటరీ పేపర్లు దిద్దడానికి ఖమ్మం వెళ్లాను. గోదావరి మూడో హెచ్చరిక దాటింది. రోడ్లు మూశారు. కరకట్ట లోపలి వీధుల్లోకి కూడా నీళ్లు వచ్చాయి, మా ల్యాబు గది నేల మీదే ఉంది. ఆరోరోజు నేను తిరిగొచ్చేసరికి గదినిండా మోకాలి లోతు ఒండ్రు. బెంచీలు తలకిందులై ఉన్నాయి. మైక్రోస్కోపులు రెండు బురదలో దొరికాయి. నా సీసాలు మాత్రం మేడ మీద తెలుగు డిపార్ట్‌మెంట్ బీరువాలో వరసగా ఉన్నాయి. మా అటెండర్ ఒక్కడే, నీళ్లు నడుము దాకా వచ్చినా, మెట్లెక్కుతూ దిగుతూ మోశాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన నా వెంటే తిరుగుతూ ఏ సీసా ఎట్లా తెచ్చాడో ఏవేవో వివరాలు చెప్పాడు. నేను వీపు తట్టి, బురద ఎత్తించే మనుషుల కోసం ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను.

వరద పోయిన రెండేళ్లకు ఆ సీసాలు ఒక్కొక్కటే మళ్లీ చూడటం మొదలుపెట్టాను. ఒక సీసాలో పురుగు వీపు మీద ఒక్క పొలుసు లేదు. పక్కనే చిన్న గాజు గొట్టం, దూది మూత, అందులో రాలిన పొలుసులు. లెక్కపెడితే పందొమ్మిది. ఇరవై నాలుగు ఉండాలి, అయిదు పోయాయి. ఈ ప్రజాతిలో పొలుసులు గట్టిగానే అంటుకుని ఉంటాయి, అంత తేలిగ్గా రాలవు. కానీ స్పిరిట్‌లో నానీ నానీ, పైగా వరదలో కుదుపులకు ఊడి ఉంటాయనుకున్నాను. మైక్రోస్కోపు కింద పెట్టాను. పొలుసుల మీద పుట్టగొడుగుల్లాంటి బొడిపెలు. పురుగు పక్కల ముళ్లు చూస్తే కొన ఒంటిగా, నున్నగా. ఈ రెండూ ఒకే పురుగులో ఉన్నట్టు ఏ పుస్తకంలోనూ లేదు. కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. మళ్లీ వచ్చి చూశాను. కొత్త జాతి.

దాని పక్క సీసాలో ఇంకో పురుగు ఉంది, అదీ బోడిది. వెంట ఒక్క పొలుసూ లేదు. పాడైన నమూనా అని రాసి వెనక్కి నెట్టేశాను. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

ఏడాది పాటు రాశాను. బొమ్మలు నేనే గీశాను, పురుగును ఒక పేజీలో, పొలుసును ఇంకో పేజీలో. వ్యాసం అచ్చయింది. కొత్త జాతిని కనుక్కున్నవాడికి దాని పేరు పెట్టే హక్కు ఉంటుంది. వరదలోంచి కాపాడింది ఎవరో నాకు తెలుసు కాబట్టి, మా అటెండర్ పేరుకు లాటిన్ తోక తగిలించి ఆ పురుగుకు పెట్టాను. కాలేజీలో స్వీట్లు పంచాను. ఫిజిక్స్ సారు కూడా లేచి నిలబడి చేయి కలిపాడు. అటెండర్ ఆ వ్యాసం మొదటి పేజీని ఫ్రేము కట్టించి, గూడెంలో ఇంటి గుమ్మం పక్కన తగిలించాడు. ఇంగ్లిషు చదవడం రాని వాళ్లమ్మ కూడా ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. ఆ నమూనాను పెద్ద మ్యూజియంకు పంపడం పద్ధతి. పంపుతాను, పంపుతాను అంటూ మా బీరువాలోనే ఉంచుకున్నాను.

ఆ ఫ్రేము చూస్తూ పెరిగింది ఆయన మేనకోడలు. మా కాలేజీలోనే బీఎస్సీ చదివింది, నా క్లాసులో మొదటి బెంచీ. తర్వాత కోస్తాకు వెళ్లి ఎమ్మెస్సీ చేసి, అక్కడే పరిశోధనకు చేరింది. ఏం తీసుకున్నావమ్మా అంటే, "మా మామ పురుగునే సార్" అంది. నేను వ్యాసం రాశాక ఆ జాతిని మళ్లీ ఎవరూ చూడలేదు. దాన్ని సముద్రంలో బతికుండగా పట్టుకోవడం, అది ఎక్కడ ఉంటుందో, ఏం తింటుందో రాయడం ఆమె పని. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

మూడేళ్లు ఆ పిల్ల ప్రతి అమావాస్యకూ పున్నమికీ, ఆటు బాగా తీసే రోజుల్లో, రాళ్లు తిప్పింది. చేతులు గుల్లలకు కోసుకుపోయి ఉండేవి. నెలకోసారి ఫోన్ చేసేది.

"ఈసారి గూడ దొరకలే సార్."

"రాళ్లు ఇంకొంచెం నిదానంగ తిప్పాలమ్మా. నీకు తొందరెక్కువ" అనేవాణ్ణి నేను, ఇంట్లో కుర్చీలో కూర్చుని.

పోయిన వేసవిలో ఆమె వచ్చింది. అసలు నమూనాను ఒకసారి కళ్లారా చూస్తానంది. కాలేజీలో ఇప్పుడు పనిచేస్తున్న లెక్చరర్ తాళం చెవి ఇచ్చాడు. మామ కూడా వెంట వచ్చాడు. ఆయనా రిటైరయ్యాడు, అయినా ల్యాబులోకి రాగానే అలవాటుగా గుడ్డ తీసుకుని బెంచీ తుడిచాడు. ఆమె చిక్కిపోయి ఉంది. భుజం మీది బ్యాగు దించకముందే చెప్పేసింది.

"వచ్చే నెల కమిటీ కూసుంటది సార్. ఒక్క పురుగన్న చూపియ్యాలె, లేకుంటే నా పని ఆపేస్తరు. మా గైడు నీకు వెతకుడు రాదంటున్నడు. నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది. ఆశ్రమ స్కూల్ల టీచర్ పోస్టుకు అప్లికేషన్ నింపి బ్యాగుల పెట్టుకున్న."

"గట్లెట్ల ఆపేస్తరు, ఉన్న పురుగు దొరకకుండ ఎక్కడికి పోతది?" అన్నాను.

ఆమె సీసా తెరిచింది. ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పొలుసు ఊరికే వీపుకు అతుక్కుని ఉండదు. వీపు మీద చిన్న మొటిమలాంటి దిమ్మ ఉంటుంది, దాని మీద పొలుసు కూర్చుంటుంది. ఊడినప్పుడు పొలుసు అడుగున గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ, ఆ దిమ్మ ఒకే కొలత ఉండాలి, చొక్కాకు బొత్తామూ కాజా ఉన్నట్టు. నేను ఆ వ్యాసంలో మచ్చ కొలవలేదు. ఒకే సీసాలో ఉన్నవి ఒకదానివే కదా, కొలవడమెందుకు అనుకున్నాను.

ఆమె కొలిచింది. ఒకటి, రెండు, మూడు, అట్లా పందొమ్మిదీ కొలిచింది. తర్వాత మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది.

"సార్, ఒకసారి చూస్తరా."

చూశాను. మచ్చలు చిన్నవి, దిమ్మలు పెద్దవి. వెనకా ముందూ ఎక్కడి దిమ్మకూ ఏ పొలుసూ సరిపోవడం లేదు. నా కళ్లే బాగాలేవనుకుని కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను.

"ఇవి దీని పొలుసులు కావు సార్" అంది, చాలా మెల్లగా.

"కాకపోవుడేంది? మళ్ల కొలువు."

అప్పుడు వెనకనుంచి, బెంచీ తుడుస్తున్న గుడ్డ చేతిలో పట్టుకుని, ఆయన మామూలుగా అన్నాడు.

"అవ్, కాకపోవచ్చు గదా. వరదకు ఒక సీస మెట్ల మీద పగిలింది. దాంట్లున్న పురుగును పక్క సీసల ఏసిన. మళ్ల పైకి పోయినంక వేరే సీస దొరికితే రెండిట్ని ఇడదీసిన. ఊడిన పొలుసులు శానా నీళ్లల్ల పోయినయి, మిగిలినయి ఏ పురుగువో నాకెట్ల తెలుస్తది? ఒక్క గొట్టంల పెట్టి, దీంట్ల ఏసిన."

నాకు కోపం ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా నా దగ్గర పరువుగా బతికిన మనిషి మీద, ఆయన మేనకోడలి ముందే అరిచాను.

"మరి నాకెందుకు చెప్పలే? ఇన్నేండ్లు నోరు మూసుకోని ఎట్లున్నవు?"

ఆయన నావైపు వింతగా చూశాడు. భయంతో కాదు. అర్థంకాక చూశాడు.

"చెప్పిన సారూ. మీరు ఖమ్మం నుంచి వచ్చిన్నాడే చెప్పిన. సరే సరే అనుకుంట బయటికి పోయినరు. చీటీ గూడ రాసిన గదా."

"ఏం చీటీ?"

"గొట్టంల ఉన్నది సూడుండ్రి."

ఆమె పట్టుకారు తీసుకుని గొట్టం లోపలికి పెట్టింది. గోడకు చుట్టుకుని అతుక్కుపోయిన కాగితం ఒకటి వచ్చింది. దానికి పైన నేను ఇంగ్లిషులో రాసిన లేబులు ఉంది. నా లేబులు చదువుకోవడానికి నేను ఆ గొట్టాన్ని ఎన్నిసార్లు వెలుతురుకు పట్టి చూశానో లెక్క లేదు. వెనకున్న కాగితం నా కంటికి కాగితంలాగే కనిపించింది. ఆమె దాన్ని గాజుపలక మీద విప్పి పరిచింది. పెన్సిల్ రాత, అచ్చం నిన్న రాసినట్టుంది.

"ఒక సీస పగిలింది. రెండు పురుగులు ఒక్క సీసల పెట్టి మళ్ల ఇడదీసిన. పొలుసులు దేనివో తెలవదు. సారు చూడాలె." కింద ఆయన సంతకం.

ముందు వరసలోంచి వెనక్కి నెట్టేసిన ఆ పక్క సీసా గుర్తుంది కదా. ఆమె అడగకుండానే వెళ్లి దాన్ని తెచ్చింది. పాడైన నమూనా అని నా చేతిరాత. ఆ బోడి పురుగు దిమ్మ మీద ఒక పొలుసు పెట్టి చూసింది. సరిగ్గా కూర్చుంది. రెండూ మా ప్రొఫెసరుగారి కాలం నుంచి అందరికీ తెలిసిన మామూలు జాతులు. ఒకదాని ఒంటి మీద ఇంకోదాని బట్టలు తొడిగి, నేను లోకానికి కొత్త మనిషిని పరిచయం చేశాను. ఆ మనిషి కోసం ఈ పిల్ల మూడేళ్లు రాళ్లు తిప్పింది. దొరకలేదంటే నిదానం లేదని చెప్పాను.

కూర్చున్నాను. కుర్చీ ఉందో లేదో కూడా చూసుకోలేదు, అదృష్టం, ఉంది. అంతటితో ఆ రోజు అయిపోయి ఉంటే బాగుండేది. కానీ ఆయన ఇంకో మాట అన్నాడు.

"మీరు చీటీ చదివే నా పేరు పెట్టినరనుకున్న సారూ. రాసినందుకని."

వయసు అరవై దాటాక మనిషి సిగ్గుతో చావడు అని అప్పుడే తెలిసింది. ఆయన పేరును లాటిన్‌లో ప్రపంచమంతా చదివేట్టు రాశాను. ఆయన నాకోసం తెలుగులో రాసిన మూడు ముక్కలు చదవలేదు. నియమం పెట్టింది నేను. పాటించింది ఆయన. చీటీయే పురుగు నోరు అన్నవాణ్ణి, ఆ నోటి ముందు ఏళ్ల తరబడి చెవులు మూసుకుని కూర్చున్నాను. క్షమించమని అడిగాను. ఆయనకు అర్థమైందో లేదో, "నీళ్లు తాగుండ్రి సారూ" అని సీసా అందించాడు.

ఆమె ఆ తర్వాత గంటసేపు ఫొటోలు తీసింది. పురుగులను, పొలుసులను, మచ్చలను, చీటీని. నేను బల్ల మీద కాగితం తీసుకుని వాళ్ల గైడుకు ఉత్తరం రాశాను. ఆ జాతి లేదని, లేనిదాన్ని వెతకలేకపోవడం ఆ అమ్మాయి తప్పు కాదని, మూడేళ్లు వెతికి దొరకలేదని నిజం రాసినందుకు ఆమెను మెచ్చుకోవాలని. తప్పు ఎవరిదో గైడు ఊహకు వదిలెయ్యకుండా నా పేరు రెండుసార్లు రాశాను. కమిటీ ముందు ఆమె ఆ చీటీనే చూపించింది. పని ఆగలేదు. నా జాతిని రద్దుచేసే వ్యాసం ఆమె థీసిస్‌లో మొదటి అధ్యాయం అయింది. అప్లికేషన్ ఇంకా బ్యాగులోనే ఉందట. ఉంచుకోమన్నాను, సార్లను అంతగా నమ్మకూడదు.

ఆ రోజు సీసాలు సర్ది తాళం వేసేటప్పుడు ఆయన గుమ్మంలో ఆగాడు.

"ఏందే బిడ్డా, అయితే ఇంట్ల ఆ ఫోటో తియ్యాల్నా?"

ఆమె చెప్పింది.

"పేరు పూర్తిగ పోదు మామా. ఒకసారి అచ్చయిన పేరు ఉంటనే ఉంటది. పాత జాతి పేరు కింద, ఇది గూడ అదేనని చిన్నగ రాస్తరు. ఉండనీ. దాని కింద సార్ పేరు గూడ ఉన్నది గదా, ఇద్దరియి ఉంటయి."

ఫ్రేము ఇప్పటికీ గుమ్మం పక్కనే ఉందట. నేను మాత్రం ఆ గూడేనికి ఇంకా వెళ్లలేదు.

చేస్తున్న పని ఒకటుంది. వారానికి రెండు రోజులు కాలేజీకి వెళ్లి, ముప్పై ఆరు సీసాలూ ఒక్కొక్కటే తెరిచి, లోపలున్న చీటీలు చదువుతున్నాను. ప్రతి సీసాలో నాలుగైదు ఉన్నాయి. స్పిరిట్ పోసిన. మూత మార్చిన. ఈ పురుగు తోక ఇరిగింది, నేను ఇరగ్గొట్టలే, ముందే ఇరిగున్నది. అన్నీ నాకోసం రాసినవే. ఇట్లా చదువుతూ చదువుతూ మొన్న ఇరవై రెండో సీసా తెరిచాను. అడుగున మడత పెట్టిన చీటీ. వరదకు చాలా ముందుదే, కొత్తలో రాసినట్టు అక్షరాలు గుండ్రంగా, జాగ్రత్తగా ఉన్నాయి.

"సారూ, మీరు ఈ చీటీలు చదువుతున్నరా. చదివితే చెప్పుండ్రి."

చెయ్యి తడిగానే ఉంది. అలాగే ఫోన్ తీసి ఆయనకు చేశాను.

"చదివిన" అన్నాను.

"ఏంది సారూ, చదివింది?" అన్నాడు.